మోటారు ఎప్పుడు నడపవలెను? - దేశపు విద్యుచ్ఛక్తి, మన బావి నీరు

రైతు సోదరులు మమ్ములను అడుగు ప్రశ్నలలో ఎక్కువ భాగము విత్తనములను గురించి, ఎరువులను గురించి, చీడపీడలను గురించి ఉండును. ఇటీవల మరియొక ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది. "అయ్యా! ఈ కరెంటు రేపు ఉండునా? బొగ్గు అయిపోవునని ఒకరు, ఎండతోనే అంతా నడచునని మరొకరు చెప్పుచున్నారు. మా మోటారు సంగతి ఏమగును?" అని. ఇది ఇంజనీర్లు చెప్పవలసిన సంగతియే. అయినను దీని జవాబులో సగము పొలములోనే గలదు. కావున వ్యవసాయ శాస్త్రము బోధించు నేను, ఇంజనీర్లు చెప్పు లెక్కలను మన పొలము గట్టుకు తెచ్చి, వీలయినంత సులభముగా వివరించ ప్రయత్నించెదను.

కిలోవాటు వేరు, యూనిట్టు వేరు

మొదట రెండు మాటలకు భేదము తెలిసికొనవలెను. కిలోవాటు అనగా ఒక్క క్షణమున పని జరుగు వడి. యూనిట్టు అనగా ఆ వడితో ఒక గంట సేపు జరిగిన పని మొత్తము. ఎద్దుల జత బలము కిలోవాటు వంటిది; సాయంత్రమునకు దున్నిన చాళ్ళన్నియు యూనిట్ల వంటివి. బలమైన ఎద్దులున్నను కాడి కట్టకపోయిన చాలు పడదు గదా!

వార్తాపత్రికలలో వచ్చు లెక్కలను చదువునప్పుడు ఈ భేదమును మరువరాదు. 1947లో మన దేశమున ఉన్న విద్యుదుత్పత్తి కేంద్రముల సామర్థ్యము మొత్తము 1,362 మెగావాట్లు మాత్రమే. 2025 మధ్యనాటికి అది సుమారు 4 లక్షల 85 వేల మెగావాట్లయినది. అందులో సగము బొగ్గు, చమురు, గ్యాసు కాక ఇతర మార్గముల నుండి, అనగా నీరు, గాలి, ఎండ, అణుశక్తి మొదలగు వాని నుండి వచ్చునది. ఇది విని, కరెంటులో కూడ సగము బొగ్గు లేకనే వచ్చుచున్నదని అనుకొనరాదు. ఎండ పగలు మాత్రమే ఉండును, గాలి అన్ని నెలలు ఒకే తీరున వీచదు. ఒక కిలోవాటు సౌర పలకలు రోజు మొత్తములో 4 లేక 5 యూనిట్లు ఇచ్చును. ఒక కిలోవాటు బొగ్గు యంత్రము రాత్రింబవళ్ళు నడచిన 20 యూనిట్లకు పైగా ఇవ్వగలదు. కావుననే సామర్థ్యములో సగమైనను, మనము వాడు యూనిట్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇటీవలి సంవత్సరముల వరకు బొగ్గు నుండియే వచ్చినవి. ఒక యూనిట్టుకు 600 నుండి 700 గ్రాముల బొగ్గు మండును. కొత్తగూడెము, రామగుండము, విజయవాడ, రాయలసీమ థర్మల్ కేంద్రములు ఇట్లే పనిచేయుచున్నవి.

ధాన్యము గాదెలో నిలుచును, కరెంటు నిలువదు

ధాన్యమును గాదెలో పోసి ఆరు నెలల తరువాత తినవచ్చును. కరెంటు అట్లు కాదు. మీరు స్విచ్చి వేసిన క్షణముననే ఎక్కడనో ఒక యంత్రము అంత కరెంటును తయారు చేయవలెను. దేశములోని పెద్ద జనరేటర్లు దాదాపు అన్నియు ఒకే కాడికి కట్టిన ఎద్దుల వలె ఒకే అడుగుతో తిరుగుచుండును. ఈ అమరికనే గ్రిడ్డు అందురు. ఆ అడుగు వేగము సెకనుకు 50 ఆవృత్తములు. వాడకము ఒక్కసారిగా పెరిగిన, మోట బరువెక్కిన ఎద్దుల వలె జనరేటర్లన్నియు నెమ్మదించును. వాడకము తగ్గిన వేగము హెచ్చును. ఈ వేగము కొద్దిగా తప్పినను యంత్రములకు ముప్పు. మరీ తగ్గినచో అవి తమంతట తామే విడివడును. ఒకటి విడివడిన దాని బరువు మిగిలిన వానిపై పడి అవియు విడివడును.

2012 జులై 30, 31 తేదీలలో ఉత్తర భారతమున జరిగినది ఇట్టిదే. మొదట ఒక లైనుపై మోయలేని బరువు పడి అది విడివడినది. రెండవ రోజున ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును కూలి, 60 కోట్లకు పైబడిన జనులు నివసించు ప్రాంతములు చీకటిలో మునిగినవి. దక్షిణాది గ్రిడ్డు అప్పటికి వానితో ఒకే కాడికి కట్టబడియుండలేదు కావున మనకు ఆ బాధ తప్పినది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపురము లైను ద్వారా మనమును ఆ కాడిలో చేరితిమి. నాటి నుండి దేశమంతయు ఒకే గ్రిడ్డు. ఇందు లాభము గలదు, బాధ్యతయు గలదు. రాజస్థానములోని ఎండ మన మోటారును తిప్పగలదు. మన మోటార్లన్నియు ఒక్కసారి తిరిగిన ఆ బరువు గ్రిడ్డంతటికిని తెలియును.

ఐదు హార్స్ పవరు మోటారు నడచునప్పుడు గంటకు సుమారు 5 యూనిట్లు తీసికొనును. అట్టివి లక్ష మోటార్లు ఒకేసారి నడచిన 500 మెగావాట్ల పెద్ద థర్మల్ యంత్రమొకటి పూర్తిగా వానికే కావలెను. రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి వ్యవసాయ కనెక్షన్లు 40 లక్షలకు పైగా గలవు. రైతు మోటారు చిన్నదే, రైతుల మోటార్లన్నియు కలిసిన చిన్నవి కావు.

పగలు మిగులు, సాయంత్రము కొరత

2021 నవంబరులో గ్లాస్గో నగరమున జరిగిన ప్రపంచ వాతావరణ సభలో మన ప్రభుత్వము, 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాసు కాని మార్గముల సామర్థ్యమును 5 లక్షల మెగావాట్లకు పెంచుదుమనియు, 2070 నాటికి దేశము వాతావరణములోనికి నికరముగా కర్బన వాయువులను చేర్చకుండునట్లు చేయుదుమనియు ప్రకటించినది. 2047 నాటికి అణు విద్యుత్తును లక్ష మెగావాట్లకు పెంచవలెనని 2025 ఫిబ్రవరి బడ్జెటులో చెప్పబడినది. వీనిలో వేగముగా పెరుగుచున్నది సౌర విద్యుత్తే. 2017లో కర్నూలు జిల్లాలో సుమారు 6 వేల ఎకరములలో నెలకొల్పిన 1,000 మెగావాట్ల సౌర పార్కు ఆనాటికి దేశములోని పెద్దవానిలో ఒకటి. నాటి అనంతపురము జిల్లా రామగిరి కొండలపై 1990 దశాబ్దముననే గాలిమరలు వెలసినవి.

అయితే ఇంజనీరుకు ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. ఎండ విద్యుత్తు ఉదయము మొదలై, మధ్యాహ్నము ఉచ్చస్థితికి వచ్చి, సాయంత్రమునకు పూర్తిగా ఆగిపోవును. సరిగా అప్పుడే ఇండ్లలో దీపములు, ఫ్యాన్లు, చల్లదనపు యంత్రములు వేయుదురు. మధ్యాహ్నము కరెంటు మిగులు, ప్రొద్దుగుంకగనే కొరత. బొగ్గు యంత్రమును కారు వలె క్షణములో ఆపి క్షణములో నడుపుటకు వీలుకాదు. బాయిలరు చల్లారి మరల వేడెక్కుటకు గంటలు పట్టును. దాని బలమును సగమునకు దిగువగా తగ్గించుట కష్టము. కావున రానున్న కాలమున సమస్య "ఎంత కరెంటు?" అనునది మాత్రమే కాదు. "ఏ వేళకు?" అనునది అంతకంటె పెద్ద సమస్య.

కరెంటును నిలువ చేయుట

దీనికి ఇంజనీర్లు రెండు మార్గములు చూపుచున్నారు. మొదటిది బ్యాటరీలు. గత పది పదునైదేండ్లలో వీని ధర చాల తగ్గినది గాని, దేశమంతటికి రాత్రి పొడవునా సరిపడునన్ని బ్యాటరీలకు ఇంకను చాల ధనము, కాలము కావలెను.

రెండవది మనకు బాగుగా తెలిసిన నీరు. నాగార్జునసాగరములోని టర్బయిన్లలో ఏడు, శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు, రెండు వైపులకు తిరుగగలవి. కరెంటు కొరతగా నున్నప్పుడు నీరు క్రిందికి దిగి కరెంటునిచ్చును. మిగులుగా నున్నప్పుడు అదే యంత్రము పంపుగా మారి నీటిని మరల పైకి ఎత్తగలదు. నంద్యాల జిల్లా పాణ్యము దగ్గర పిన్నాపురము వద్ద చేపట్టిన 1,680 మెగావాట్ల నిర్మాణమునకు ఆధారము ఇదే సూత్రము. ఈ పద్ధతిలో నాలుగు యూనిట్లు ఖర్చు చేసిన సుమారు మూడు తిరిగి వచ్చును. నాలుగవది నిలువ చేసినందుకు మనము చెల్లించు కూలి.

ఈ రెండింటికి తోడు మూడవ మార్గము ఒకటి గలదు. దానికి కోట్లు వెచ్చించి కట్టడములు కట్టనక్కరలేదు. అది మన పొలములోని మట్టి.

మట్టియే మన బ్యాటరీ

ఇంటి దీపము చీకటి పడగానే వెలుగవలెను. అది రేపటి వరకు ఆగదు. ఆసుపత్రి ఆగదు. రైలు ఆగదు. కాని పైరు ఆగగలదు. ఏలయనగా పైరు నీటిని మోటారు నుండి త్రాగదు, మట్టి నుండి త్రాగును. మీటరు లోతు నల్లరేగడి నేల పైరుకు అందుబాటులో 150 నుండి 200 మిల్లీమీటర్ల నీటిని పట్టి ఉంచగలదు. ఇసుకపాలు గల ఎర్రనేల 80 నుండి 120 మిల్లీమీటర్లు పట్టియుంచును. ఒక తడి ఇచ్చిన తరువాత పంటను బట్టి, ఎండను బట్టి ఎర్రనేలలో వారము పది రోజులు, రేగడి నేలలో రెండు వారముల వరకు ఆరుతడి పైరు తాళగలదు. అంతటి వ్యవధి గలిగియుండగా, నీరు రాత్రి రెండు గంటలకు పెట్టిననేమి, మధ్యాహ్నము రెండు గంటలకు పెట్టిననేమి? పైరుకు తేడా లేదు. గ్రిడ్డుకు మాత్రము ఎంతయో తేడా. రైతు ప్రాణమునకు అంతకంటె తేడా.

నా చిన్నతనమున మా ఊరికి త్రీఫేజు కరెంటు అర్ధరాత్రి దాటిన తరువాతనే వచ్చెడిది. మా నాన్నగారు చేతిలో టార్చిలైటు, భుజముపై గొంగళి వేసికొని బావి వద్దకు వెళ్ళెడివారు. ఆయన తిరిగి వచ్చి వాకిట కాళ్ళు కడుగుకొను చప్పుడు వినువరకు మా అమ్మకు నిద్రపట్టెడిది కాదు. చీకటిలో పామును త్రొక్కినవారు, తడిచేతితో స్టార్టరును తాకి కూలినవారు ప్రతి మండలమునను గలరు. ఆనాడు రాత్రి కరెంటు ఇచ్చుటకు కారణము లేకపోలేదు. పగలు కర్మాగారములకు, పట్టణములకు కావలసియుండెను; రాత్రి బొగ్గు యంత్రములకు పని తక్కువ. ఇప్పుడు లెక్క తారుమారైనది. మిగులు పగటికి మారినది. కావున పగటి కరెంటు రైతుకు చేయు దయ మాత్రమే కాదు, దేశపు విద్యుత్ విధానమునకు కూడ అదియే మేలైన లెక్క. ఈ సంగతి గ్రహించిన రైతు పగటి కరెంటును హక్కుగా అడుగుటకు వెనుకాడనక్కరలేదు.

2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకము ఈ ఆలోచన నుండి పుట్టినదే. దానిలో ఒక భాగము సబ్‌స్టేషను సమీపముననే సౌర కేంద్రము నెలకొల్పి, వ్యవసాయ ఫీడరును పగటిపూట దానితో నడుపుట. వంద యూనిట్లు దూరము నుండి బయలుదేరిన దారిలో పది నుండి ఇరువది వరకు తరుగు పోవును. ఉత్పత్తి పొలము ప్రక్కనే జరిగిన ఈ తరుగు చాల వరకు తగ్గును.

నీటి బరువు - కరెంటు లెక్క

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఎండకు ధర లేదు గదా యని పగలంతయు మోటారు నడపిన, కరెంటు తరుగదు గాని బావి తరుగును. ఈ లెక్కను ప్రతి రైతును ఒకసారి కాగితముపై వేసి చూడవలెను.

ఒక ఎకరాకు ఒక అంగుళము నీరనగా సుమారు 1 లక్షా 3 వేల లీటర్లు. దీనిని 200 అడుగుల లోతు నుండి పైకి తెచ్చుటకు, ఎట్టి తరుగు లేకున్న 17 యూనిట్లు చాలును. కాని మోటారులో కొంత, పంపులో కొంత, గొట్టములో కొంత శక్తి వృథాయగును. నూటికి 35 వంతులు మాత్రమే పనికివచ్చు సాధారణపు పంపుసెట్టుకు అంగుళమునకు సుమారు 48 యూనిట్లు పట్టును. ఈ లెక్కన:

బోరు క్రింద రబీ వరికి ఎకరాకు 48 అంగుళముల నీరు పెట్టిన సుమారు 2,300 యూనిట్లు.

ఆరుతడి వేరుశనగకు 20 అంగుళములు పెట్టిన సుమారు 960 యూనిట్లు.

అదే వేరుశనగకు నూటికి 50 వంతులు పనిచేయు మంచి పంపుసెట్టు బిగించిన సుమారు 680 యూనిట్లు.

నీటిమట్టము 200 అడుగుల నుండి 300 అడుగులకు దిగిన, పాత పంపుసెట్టుతో అంగుళమునకు 48 యూనిట్లకు బదులు 72 యూనిట్లు. అనగా ఒక ఎకరము పండించు కరెంటుతో మూడింట రెండు వంతుల ఎకరమే పండును. మోటారును మార్చి, బోరును లోతు చేసి, అప్పు చేసి తెచ్చిన నీరు మరుసటి యేడు ఇంకను క్రిందికి జారిపోవును.

2004 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రకటింపబడినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో 24 గంటల సరఫరా మొదలైనది. అప్పులతో క్రుంగిన రైతుకు ఉచిత విద్యుత్తు ఎంత ఊరటయో మేము ఎరుగుదుము. దానిని తప్పుపట్టుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. అయితే కరెంటు ఉచితమైనను ఖర్చు లేనిది కాదు. యూనిట్టుకు 6 రూపాయల ఖర్చు అనుకొన్న, పై ఎకరము వరికి 13,800 రూపాయల కరెంటును ఎవరో చెల్లించుచున్నారు. బావిలోని నీటికి మాత్రము ఏ ఖజానాయు చెల్లించలేదు.

గుజరాతులో ఖేడా జిల్లా ధుండి గ్రామ రైతులు 2016లో సహకార సంఘముగా ఏర్పడి, సౌర పంపులను గ్రిడ్డుకు కలిపి, నీరు అవసరము లేని వేళల కరెంటును అమ్ముకొనసాగిరి. మోటారు ఆపిన ప్రతి గంటకును వారికి రాబడి వచ్చినది. నీటిని పొదుపు చేయుమని చెప్పుట కంటె, పొదుపు చేసినవానికి ధర చెల్లించుట మేలైన మార్గమని దీనివలన తెలియుచున్నది. మన విద్యుత్ విధానమును ఈ దిక్కునకు నడపవలెనని రైతు సంఘములు అడుగవచ్చును.

రైతులు చేయదగిన పనులు

1. బోరులో నీటిమట్టము, నీటి రాబడి కొలిపించి దానికి తగిన మోటారునే బిగించవలెను. పెద్ద మోటారు వేసినంత మాత్రమున బోరులో నీరు ఊరదు.

2. మోటారుకు తగిన కెపాసిటరును బిగించవలెను. ఐదు హార్స్ పవరు మోటారుకు సాధారణముగా 2 కె.వి.ఏ.ఆర్. కెపాసిటరు వాడుదురు. దీనివలన లైనుపై బరువు తగ్గి వోల్టేజి నిలుచును, ట్రాన్స్‌ఫార్మరుపై వేడి తగ్గును. కెపాసిటరు కాలిపోయిన వెంటనే మార్చవలెను.

3. సన్నని గొట్టములు వాడరాదు. రెండంగుళముల గొట్టమునకు బదులు రెండున్నర అంగుళముల గొట్టము వేసిన, అంతే నీటికి రాపిడి నష్టము మూడవ వంతుకు తగ్గును. అనవసరమైన వంపులు తీసివేయవలెను. బావిలో రాపిడి తక్కువ గల ఫుట్‌వాల్వు వాడవలెను.

4. ఆటోమేటిక్ స్టార్టర్లను తీసివేయవలెను. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటార్లన్నియు ఒక్కసారి లేచిన, మొదలెట్టునప్పటి కరెంటు మామూలుకు అనేక రెట్లుండుటచే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును. పైరు ఎండునది ఆ మరమ్మతు రోజులలోనే. ఒక ట్రాన్స్‌ఫార్మరు రైతులు కూడి వంతులు వేసికొనిన ఈ బాధ తప్పును.

5. ఫ్యూజులను, ట్రాన్స్‌ఫార్మరును స్వయముగా ముట్టరాదు. లైన్‌మన్‌ను పిలువవలెను. మోటారుకు, స్టార్టరుకు ఎర్తు తీగ తప్పనిసరి.

6. బోరు క్రింద రబీలో వరికి బదులు వేరుశనగ, మొక్కజొన్న, పెసర, మినుము వంటి ఆరుతడి పంటలను నేలను బట్టి ఎన్నుకొనవలెను. తోటలకు, కూరగాయలకు బిందుసేద్యము మేలు.

7. మోటారు నడచిన గంటలను ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. పైన చెప్పిన లోతు నుండి సాధారణపు ఐదు హార్స్ పవరు పంపుసెట్టు 9 లేక 10 గంటలు నడచిన ఎకరాకు అంగుళము నీరు వచ్చును. నాలుగు ఎకరముల వేరుశనగకు రెండేసి అంగుళముల తడి ఇచ్చుటకు 8, 9 రోజులు పట్టును. అప్పటికి మొదటి మడి మరల తడికి సిద్ధమగును. పగటి కరెంటుతోనే ఈ చక్రము సాఫీగా తిరుగును. అదే గంటలకు నీరు తగ్గుచున్నచో బోరు హెచ్చరించుచున్నదని గ్రహించవలెను.

8. వీలున్న చోట పొలములో నీటికుంట త్రవ్వుకొనవలెను. వాననీరు నిలిచిన కుంట మోటారు గంటలను తగ్గించును. కరెంటు పోయిన రోజున కుంటలోని నీరు తడికి ఆధారమగును.

ముగింపు

బొగ్గు రేపే అయిపోదు, ఎండ ఒక్కటే అన్నింటిని నడుపజాలదు. రానున్న పాతికేండ్లలో బొగ్గు, నీరు, గాలి, ఎండ, అణుశక్తి కలిసియే ఈ కాడిని లాగవలసియుండును. వానిలో ఎండ వాటా పెరుగుకొలది, పగలు పని చేసికొనగలవారికి మేలు, చీకటిలో కరెంటు కోరువారికి ప్రియము. ఈ మార్పులో అందరికంటె అనువుగా నున్నవాడు రైతే. ఆయన చేయవలసినది పగటి కరెంటును పట్టుదలతో అడిగి తీసికొనుట, తీసికొన్న దానితో బావిని ఖాళీ చేయకుండుట. మొదటిది సాధించి రెండవది మరచిన, కరెంటు ఉండును గాని ఎత్తుటకు నీరుండదు. ఈ రబీలో మోటారు గంటల పుస్తకము తెరచి మొదటి వరుస వ్రాయుడు. పంట కోసిన తరువాత ఆ పుస్తకముతో మా విస్తరణ కేంద్రమునకు వచ్చిన, లెక్క కలిసి చూచుకొందము.